సాయం పేజీని చదివిన మా చెల్లి

మా చెల్లిని ఇంట్లో అందరం ‘ఒక్కనిమిషం’ అంటాం. అన్నానికి రమ్మంటే ఒక్క నిమిషం, తలుపు తియ్యమంటే ఒక్క నిమిషం, బస్సొచ్చింది పదవే అంటే ఒక్క నిమిషం. ఆ నిమిషం గడిచేసరికి అన్నం చల్లారేది, తలుపు కొట్టినవాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు, బస్సు మలుపు దాటేది. నేను దానికి పూర్తిగా ఎదురు. నాకంటే ముందు నా కోపం గుమ్మం దాటుతుంది. డ్రైవింగ్ స్కూలు నడుపుతాను కాబట్టి అది పనికొచ్చే గుణమే అనుకుంటాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు అలా అనుకోరు.

మా చెల్లి గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కోపంతోనే రాస్తున్నానని ముందే చెప్పేస్తున్నాను. కాస్త చల్లారాక రాయకూడదా అంది అమ్మ. చల్లారితే నేను రాయను.

చిన్నప్పుడు మేమిద్దరం కొట్టుకుంటే అది ఏడ్చేది కాదు. పక్కన కూర్చుని, “ముందు నువ్వు నా పెన్సిలు తీశావా, నేను ముందు నిన్ను గిల్లానా?” అని అడిగేది. నాకు గుర్తుండి చస్తేగా. దానికి మాత్రం ఏది ముందో ఏది వెనకో వరసగా గుర్తుండేది. చుట్టాలొచ్చి వాదించుకుంటుంటే ఓ మూల చేరి ఒకళ్ళ మొహం నుంచి ఇంకొకళ్ళ మొహానికి చూస్తూ ఉండేది. ఇది పెద్దయ్యాక జడ్జీ అవుతుంది అనేవాడు మా బాబాయి. అయినా బాగుండేది. జడ్జీ అన్నాక అంతా విని చివరికో తీర్పయినా చెబుతాడు. ఇది పోయిపోయి, వినడం తప్ప నోరు విప్పకూడని పనిలో చేరింది.

ఆ పని పీహెచ్‌డీ. ఆన్‌లైన్‌లో మనుషులు ఎప్పుడు ఒకళ్ళకొకళ్ళు సాయపడతారు, ఎప్పుడు మీద పడి కరుస్తారు అన్నది దాని విషయం. అమ్మకు చెబితే, “జనం తిట్టుకోవడం మీద చదువా? దానికి కాలేజీ దాకా ఎందుకే, ఇంట్లో మీ అక్క లేదూ?” అంది.

దానికిచ్చిన గది ఒకసారి చూశాను. మేడమీద చివర, ఒకప్పుడు పాత కుర్చీలు పడేసుకున్న గది. కిటికీ రెక్క మూసుకోదు కాబట్టి కాగితాల మీద బరువుకి తాళంకప్పలు పెట్టుకుంది. గోడకి ఆనించిన బీరువాకి ఒక కాలు లేకపోతే దాని కింద ఎవరిదో పాత థీసిస్ పెట్టారు. ఎవరో పాపం ఏళ్ళ తరబడి వేళ్ళు కాయలు కాచేలా రాసుకున్నది చివరికి బీరువా కాలయింది. నీది కూడా ఇదేనా అని నేనంటే, “మంచిదే కదక్కా, ఒకదానికైనా పనికొచ్చింది” అని నవ్వింది.

అది చదవడానికి ఎంచుకున్నది మా ఊరివాళ్ళ ‘సాయం పేజీ’. ఊళ్ళో ఫోను ఉన్న ప్రతివాళ్ళూ అందులో ఉంటారు. ఫలానా గ్రూపు రక్తం కావాలంటే గంటలో మనుషులు ఆసుపత్రి ముందుంటారు. పిల్లి తప్పిపోయిందంటే వీధివీధీ వెతుకుతారు. ఒంటరిగా ఉండే ముసలాయన మందులు తెచ్చిపెట్టేవాళ్ళు లేరంటే నేనంటే నేనని పోటీ పడతారు. అదే పేజీలో, అదే మధ్యాహ్నం, ఎవరో అమ్మాయి ఫొటో పెట్టి ఈమె ఫలానా చోట గట్టిగా మాట్లాడిందట అంటే, ఆమె పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, పని చేసే చోటికి ఫోన్లు చేసి, తలెత్తుకోకుండా చేసిపెడతారు.

మా చెల్లి ఆ కామెంట్లన్నీ కూర్చుని చదివి, ఒక్కొక్క దానికీ పేరు పెట్టాలి. సాయం, ద్వేషం, రెండూ కాదు. ఒక్కరే పెడితే కుదరదట. ఇంకొకళ్ళు విడిగా చదివి, ఒకరిది ఒకరు చూసుకోకుండా పెట్టాక, ఇద్దరిదీ ఎంతవరకు కలిసిందో సరిచూడాలి. ఆ రెండో మనిషిగా మొదట నన్నే కూర్చోబెట్టింది. నేను చదివిన ప్రతిదానికీ ద్వేషం అని పెట్టాను. “అక్కా, ఇదిగో, ఈయన దారి చెబుతున్నాడంతే” అంది. దారి చెప్పే తీరు చూడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు లేదూ అన్నాను. ఆ పూటకే నన్ను పనిలోంచి తీసేసింది.

అలా చదవగా చదవగా దానికి తేలింది ఏమిటంటే, కరిచేవాళ్ళు వేరు, ఆదుకునేవాళ్ళు వేరు కాదని. చాలా వరకు ఒకళ్ళే. రక్తం ఇవ్వడానికి పరిగెత్తే కాళ్ళే మనిషి మీదికీ పరిగెడతాయి. పరిగెత్తడమే వాళ్ళకి కావాలి. ఈ సంగతి చెబుతున్నప్పుడు దాని మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే అప్పటికి ఈత టీచరు సంగతి జరిగింది.

ఈత టీచరు మా ఊరి ఈతకొలనులో పిల్లలకు నేర్పేది. నా దగ్గర కారు నేర్చుకునే తల్లుల్లో సగం మంది పిల్లలు ఆవిడ దగ్గరివాళ్ళే. పెద్ద గొంతు మనిషి, నీళ్ళలో వినపడాలి కదా. ఒకరోజు సాయం పేజీలో ఒక వీడియో వచ్చింది. చాలా చిన్నది. ఆవిడ ఒక పిల్లాడి తల పట్టుకుని నీళ్ళలోకి తోస్తుంది, వాడు గిలగిల్లాడి పైకొస్తాడు, ఆవిడ వాడి రెక్క పట్టి “బుద్ధుందా నీకు?” అని అరుస్తుంది. అంతే. ఆ సాయంత్రానికి ఆవిడ రాక్షసి. మర్నాటికి ఆవిడ ఇల్లెక్కడో, మొగుడు పని చేసే చోటు ఏదో, అన్నీ పేజీలో ఉన్నాయి. ఎవరో వాళ్ళ తలుపు మీద రంగుతో ఏదో రాసిపోయారు. కొలను వాళ్ళు ఆవిడని పనిలోంచి నిలిపేశారు. శిక్షకుల సంఘం వాళ్ళు విచారణ పెడతామన్నారు. అందులో తప్పు తేలితే ఆవిడ ఇంకెక్కడా, ఎప్పటికీ, పిల్లలకు ఈత నేర్పకూడదు.

జరిగింది వేరు అని ఆవిడ మొత్తుకుంది. ఆ పిల్లాడు ఈత రాకపోయినా లోతున్న వైపు దూకాడు. భయంతో పక్కనున్న పసివాడి మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ మునుగుతున్నారు. నీళ్ళలో బెదిరినవాడి చెయ్యి ఎంత లాగినా విడదు, వాడి తలే ఒక్కసారి నీళ్ళలోకి తోస్తే పైకి రావడానికి వాడే వదిలేస్తాడు. ఆవిడ చేసింది అదే. కానీ ఎవరు వింటారు? దూకిన పిల్లాడు ఇంట్లో తంతారని నోరు విప్పలేదు. పక్కనున్నవాళ్ళు అరుపు వినపడ్డాకే తిరిగి చూశామన్నారు. కొలనులోని కెమెరా టికెట్ల బల్ల వైపు ఉంది. ఆ పసివాడి అమ్మానాన్నలు పిల్లాణ్ణి ఈత మానిపించి, మమ్మల్ని ఇందులోకి లాగకండి అని తలుపేసుకున్నారు. పేజీ వాళ్ళ మీదికి తిరుగుతుందని భయం. వాళ్ళనీ అనలేను గానీ, అనకుండా ఉండలేను కూడా. ఆవిడ ఆ పూట చెయ్యి చాచకపోతే ఈ తలుపేసుకునే బుద్ధి వాళ్ళకి ఎవరి కోసం ఉండేది?

కామెంట్లు చదవడం అయ్యాక మా చెల్లి చెయ్యాల్సిన రెండో పని, పేజీలో సాయం చేసినవాళ్ళనీ, దెబ్బ తిన్నవాళ్ళనీ, కొట్టినవాళ్ళనీ విడివిడిగా కలిసి మాట్లాడించడం. దానికో పద్ధతి ఉంది. కూర్చోగానే ముందు ఒక మాట ఇస్తుంది. మీరు చెప్పింది రికార్డు చేస్తాను, కానీ మీరెవరో తెలిసేలా ఏదీ బయటికి రాదు. తర్వాత అంతా టైపు చేసి తెచ్చి మీకే చూపిస్తాను, వద్దన్న ముక్క కొట్టేయొచ్చు, కొట్టేసింది రికార్డింగులో కూడా ఉంచను. మాట ఇచ్చేటప్పుడు అది ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. దాని మొహం చూస్తే ఎవరికైనా గుండె విప్పి చెప్పాలనిపిస్తుంది. నాకు తప్ప.

ఈత టీచరు దానితో ఒక మధ్యాహ్నమంతా మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు తెలీదు, మా చెల్లి చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయింది.

ఆ తర్వాత వంతు సాయం అన్నయ్యది. పేజీ పెట్టిందీ నడిపేదీ ఆయనే. బ్యాటరీల కొట్టు ఉంది. దారిలో బండి ఆగిపోయిందంటే తిండి వదిలేసి వచ్చి స్టార్టు చేసి పోతాడు, డబ్బులంటే చెయ్యి అడ్డం పెడతాడు. నా స్కూలు కారు కూడా రెండుమూడుసార్లు ఆయనే బతికించాడు. అలాంటి మనిషి కొట్లో కూర్చుని, మా చెల్లికి ఎదురుగా, రికార్డరు నడుస్తుండగా చెప్పిన మాట ఇది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

“ఆ వీడియో ఎవరో చుట్టపుచూపుగా వచ్చినాయన పై మెట్ల మీద నుంచి తీసి నాకు పంపాడమ్మా. పెద్దది. జనం అంత చూడరు. మొదటి సగం నేనే తీసేశాను.”

“ఆ సగంలో ఏముందండీ?” అని అడిగింది ఇది, గొంతు మారకుండా.

“చిన్నపిల్లాడొకడు ఉంటాడు. ఆ పెద్దవాడు వాడి మెడ పట్టుకుని ఉంటాడు. తర్వాత వాణ్ణి గట్టుకి చేర్చిన ముక్క కూడా తీసేశాను. అదంతా పెడితే జనానికి అయోమయం. మనం చెప్పాల్సింది ఒక్కటే కదా, పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని.”

“మొత్తం వీడియో ఇంకా ఉందా?”

“ఉంది. నేనేదీ పారెయ్యను.”

దాచిపెట్టి చెప్పలేదు, బాధపడి చెప్పలేదు. కూర ఎలా తరిగాడో చెప్పినట్టు చెప్పాడు. మా చెల్లి తలూపి తర్వాతి ప్రశ్న అడిగింది. అలా అడగడమే దాని చదువు. నేనైతే ఆ రికార్డరు పెట్టి ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చేదాన్ని.

ఆ వారం దాని మొహం చూసి అమ్మ ఒంట్లో బాగాలేదేమోనని గంజి కాచింది. తాగలేదు. ఒకరోజు కారులో కాలేజీకి దించుతుంటే తనే మొదలుపెట్టింది.

“అక్కా, కోప్పడకుండా విను. నాకొకళ్ళు ఒకటి చెప్పారు. ఎవరో అడక్కు. ఆ మాట బయటికొస్తే ఈత టీచరు తప్పేమీ లేదని తేలిపోతుంది.”

బ్రేకు తొక్కాను. వెనక కారువాడు హారను మీద చెయ్యి తియ్యలేదు.

“మరి చెప్పవేం?”

“మాటిచ్చాను.”

“ఎవరికి? ఆ వెధవకా?”

“ఎవరో తెలీకుండానే వెధవంటావేం?”

“తప్పు దాచుకున్నవాణ్ణి ఇంకేమంటారే?”

“దాచుకోలేదు, నాకు చెప్పాడు. బయటికి రాదని నేను చెప్పాను కాబట్టి చెప్పాడు. ఇవాళ నేను అతని మాట తీసుకెళ్ళి నలుగురిలో పెడితే, రేపు నాతో ఎవరు మాట్లాడతారు? నాతోనే కాదు, నాలాంటి ఎవరితోనైనా?”

“మాట్లాడకపోతే మానెయ్యనీ! ఇన్నాళ్ళు మాట్లాడి ఏం ఒరగబెట్టారు? అవతల ఆవిడ బతుకు బుగ్గిపాలవుతుంటే నువ్విక్కడ మర్యాదలు చూసుకుంటున్నావా?”

“ఆవిడకి కూడా అదే మాట ఇచ్చానక్కా. ఒకటే మాట. ఒకళ్ళకి ఉంచి ఒకళ్ళకి తప్పే వీలు లేదు.”

“నీ మాటలకు నిప్పెట్ట! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం” అన్నాను. కారు దిగేటప్పుడు తలుపు మెల్లగా వేసింది. దాని కోపం అంతే, తలుపు మెల్లగా వేస్తుంది.

ఇంతకీ నాకు మండిపోయే పని అది చేసింది ఆ తర్వాత. పద్ధతి ప్రకారం టైపు చేసిన కాగితాలు పట్టుకుని సాయం అన్నయ్య కొట్టుకు వెళ్ళింది. విచారణ ఇంకా జరగలేదు. ఆ కాగితాలు నెల తర్వాత చూపించినా అడిగేవాళ్ళు లేరు. కానీ దానికో నమ్మకం. మనిషి తన మాట తనే కాగితం మీద చదువుకుంటే సిగ్గుపడతాడని, తనంతట తనే వెళ్ళి ఆ వీడియో ఇచ్చేస్తాడని. మనుషుల బుద్ధుల మీద అన్నేళ్ళు చదివింది కదా, చదువుకున్నవాళ్ళకే వస్తాయి ఇలాంటి నమ్మకాలు.

ఆయన కొట్టు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. మధ్యలో ఫోనొస్తే ఎవరికో రక్తం ఏర్పాటు చేశాడు. కళ్ళజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. చదివి, జేబులోంచి పెన్ను తీశాడు.

“ఇది తీసెయ్యండమ్మా. నేను చెప్పినప్పుడు ఇలా లేదు. చదువుతుంటే బాగాలేదు.”

“ఎందుకు బాగాలేదో ఒకసారి ఆలోచించండి” అంది ఇది. “ఆ మొత్తం వీడియో విచారణకి మీరే ఇచ్చేస్తే సరిపోతుంది కదండీ.”

“ఇప్పుడిస్తే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. పేజీ మీద నమ్మకం పోతుంది. రేపొకడికి ప్రాణం మీదికొచ్చి రక్తం కావాలంటే ఎవరు కదులుతారు? ఒక్క మనిషి కోసం ఇంతమందికి సాయం ఆపమంటారా? మీరే చెప్పండి.” ఎంతో మెత్తగా అడిగాడట. అడిగి, ఆ ముక్క మీద అడ్డంగా గీతలు కొట్టాడు. “కొట్టేయొచ్చన్నది మీ పద్ధతే కదమ్మా” అని కాగితాలు సర్ది చేతికిచ్చాడు.

అది తన పీహెచ్‌డీ గైడు దగ్గరికి వెళ్ళింది. గైడు గారు గోడ మీద పిల్లి. విభాగంలో కొట్లాట వస్తే ఆ రోజు ఆయనకు పంటి నొప్పి వస్తుంది. అంతా విని, “నువ్వు పద్ధతి తప్పలేదు, శభాష్. అతను కొట్టేసిన ముక్క రికార్డింగులోంచి కూడా తీసెయ్. మనం గమనించేవాళ్ళమమ్మా, కలగజేసుకునేవాళ్ళం కాదు” అన్నాడు.

“మనిషి మునిగిపోతుంటే కూడానా సార్?”

“ఉపమానాలతో శాస్త్రం నడవదు” అన్నాడాయన. ఈత టీచరు గురించి అడుగుతుంటే అది ఉపమానమట!

ఎథిక్స్ కమిటీకి రాసింది. ఇలాంటి చిక్కులు విప్పడానికే పెట్టిన కమిటీ అది. మీ విషయం వచ్చే సమావేశంలో పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. వచ్చే సమావేశం విచారణ అయిపోయాక. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు సిద్ధం చేస్తున్నారన్నమాట. ఆ జవాబు దాని ఫోనులో చదివి నేను ఎన్ని తిట్లు తిట్టానో, పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. మా చెల్లి మాత్రం బల్ల ముందు కూర్చుని ఉంది. తీసెయ్యాల్సిన రికార్డింగు తెరిచే ఉంది, తియ్యలేదు.

విచారణ రోజు పొద్దున్న, “నన్ను కొలను దగ్గర దింపు” అంది. ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మారుతుందేమోనని భయమేసింది.

విచారణ కొలను పైన ఆఫీసు గదిలో. మెట్లన్నీ తడి కాళ్ళ గుర్తులు. గది నిండా నీళ్ళలో కలిపే మందు వాసన. బల్ల అవతల సంఘం వాళ్ళు ముగ్గురు, ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో ఈత టీచరు. అంత పెద్ద గొంతున్న మనిషి, అడిగినదానికి జవాబు చెబుతుంటే తలుపు దగ్గరున్న నాకు వినపడలేదు. ఫోనులో ఆ చిన్న వీడియో పెట్టి, ఈ చెయ్యి మీదేనా, ఈ అరుపు మీదేనా అని అడుగుతున్నారు. అవునండీ, అవునండీ అంటోంది.

మా చెల్లి లోపలికి వెళ్ళి నిలబడింది.

“నేను పరిశోధన చేస్తున్నదాన్ని. నా దగ్గర ఒక రికార్డింగు ఉంది. బయటపెట్టనని మాటిచ్చి తీసుకున్నది. ఇది వినిపించడానికి నాకు అనుమతి లేదు. మాట తప్పుతున్నాను, ఆ తప్పు నాదేనని రాసుకోండి.”

వినిపించింది. సాయం అన్నయ్య గొంతు ఆ గదిలో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మొదటి సగం నేనే తీసేశాను అన్నచోట ఈత టీచరు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. బల్ల అవతలి పెద్దాయన, ఇంకోసారి పెట్టమ్మా అన్నాడు.

సాయం అన్నయ్యకు ఫోను చేశారు. మొత్తం వీడియో వెంటనే పంపించాడు. “అడిగితే ఇచ్చేవాణ్ణి కదండీ, ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు” అన్నాడట. అది విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వీడియో నేనూ చూశాను. పసివాడి మొహం నీళ్ళ కింద ఉంది. ఈత టీచరు వేసుకున్న బట్టలతోనే గట్టు మీద నుంచి దూకింది. ఆవిడ ఆ పెద్దవాడి తల తొయ్యగానే పట్టు వీడి ఆ పసివాడు పైకి తేలాడు. ఆ పసివాణ్ణి గట్టు మీద పడుకోబెట్టాకే ఆవిడ పెద్దవాడి మీద అరిచింది. ఆ మాత్రం అరవకుండా ఎవరుంటారు?

ఆవిడ తప్పు లేదని రాసిచ్చారు. పని తిరిగి ఇచ్చారు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. ఆపను.

సాయం అన్నయ్య పేజీలో క్షమాపణ రాశాడు. తొందరపాటు జరిగింది, నేనూ మనిషినే అని. దానికి వచ్చిన పొగడ్తలు చూడాలి! తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి అన్నయ్యా అని ఒకరు, మీలాంటివాళ్ళు ఉండబట్టే ఊరు నిలబడింది అని ఒకరు. ఈత టీచరు తలుపు మీద రంగు రాసిందెవరో తేలలేదు గానీ, ఆ తలుపుకి కొత్త రంగు వేద్దాం రండి అని పేజీలో పిలుపొచ్చింది. నవ్వుతూ బ్రష్షులు పట్టుకుని ఫొటోలు దిగారు. తిట్టడానికి ఇక ఎవరో ఒకరు మిగలాలి కదా, మా చెల్లి మిగిలింది. నమ్మకద్రోహి అన్నారు. మనసులో మాట దొంగిలించి అమ్ముకునేది అన్నారు. దాని ఫొటో కాలేజీ గుర్తింపు కార్డులోంచి ఎలా తీశారో తీసి పెట్టారు. అన్నయ్య పాపం, ‘ఆ అమ్మాయిని ఏమీ అనకండి’ అని రాశాడు. దానికి ఇంకో వంద పొగడ్తలు.

కాలేజీవాళ్ళు ముందు దాని పరిశోధన ఆపమన్నారు, తర్వాత రద్దు చేశామన్నారు. ఎథిక్స్ కమిటీకి ఈసారి సమావేశం వెంటనే కుదిరింది. పోగు చేసినదంతా ఇక వాడకూడదన్నారు. ‘చాలా బాధగా ఉంది’ అని గైడు గారు ఒక సందేశం పంపాడు. ఆ రోజు పళ్ళన్నీ నొప్పి పుట్టి ఉంటాయి. ఇదివరకు మాట్లాడినవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఫోను చేసి, మావి కూడా తీసెయ్యమ్మా అన్నారు. అందరికీ సరేనంది. అన్నీ ఒక్క ఊపులో పోగొట్టెయ్యవే అంటే, ఎవరు అడిగితే వాళ్ళది అప్పుడే తీసేది, తీశానని వాళ్ళకి రాసేది.

ఈత టీచరు మా ఇంటికి వచ్చింది, ఒక సెలవురోజు పొద్దున్న. అమ్మ ఎంత సంబరపడిందో! ఉన్నవాటిలో మంచి కప్పులు తీసింది. నేను కూడా సంతోషించాను, ఒట్టు. ఇంత జరిగాక ఒక్కరైనా గుమ్మంలోకి వచ్చి నీ మేలు మర్చిపోనమ్మా అంటారు, అది నా చెవులారా వింటాను అనుకున్నాను.

ఆవిడ అన్నది కూడా అదే. మా చెల్లి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. “మీ రుణం తీర్చుకోలేను. మళ్ళీ పిల్లల ముందు నిలబడుతున్నానంటే మీ వల్లే” అంది. కళ్ళు తుడుచుకుంది. టీ తాగింది. అమ్మను ఆరోగ్యం అడిగింది. కప్పు కింద పెట్టాక కూడా లేవలేదు. చీర అంచు వేళ్ళతో మడుస్తూ కూర్చుంది.

“ఇంకో మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి” అంది. “ఆ రోజు నేను మీతో చెప్పినవి… అవి మా ఆయనకి కూడా తెలియవు.”

“తెలుసండీ” అంది మా చెల్లి.

“మీరు మంచివారు. నాకు తెలుసు. కానీ ఇప్పుడు పడుకుంటే అవి మీ దగ్గర ఉన్నాయన్నదే గుర్తొస్తోంది. రేపు ఇంకెవరికైనా న్యాయం చెయ్యడానికి నా మాట అవసరమైతే…”

ఆవిడ పూర్తి చెయ్యలేదు. అమ్మ చేతిలో ఖాళీ కప్పు అలాగే ఉంది. మా చెల్లి లేచి కంప్యూటరు తెచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. ఫైలు చూపించింది. ఇదిగోనండీ ఇదే అంది. తీసేసింది.

ఆవిడ ముందుకు వంగి తెర మీదికి చూసింది. “చెత్తబుట్టలో ఉంటుందటగా. అందులోంచి కూడా తీసేస్తారా?” అని అడిగింది.

అందులోంచి కూడా తీసేసింది. ఇంకెక్కడైనా ఉందా అని అడగబోయి ఆవిడ ఆగింది. మా చెల్లే, “ఇంకెక్కడా లేదండీ” అంది. ఆవిడ ఆ మాట నమ్మాలా వద్దా అన్నట్టు దాని మొహంలోకి ఒక క్షణం చూసి, తలూపి, అమ్మకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

నేను లేచాను. గేటు దగ్గరే పట్టుకుని ఆవిణ్ణి నాలుగు కడిగెయ్యాలని. నీ కోసం చదువు పోగొట్టుకున్న మనిషిని దొంగను సోదా చేసినట్టు చేస్తావా, నీకు నోరెలా వచ్చింది అని. మాటలన్నీ నాలుక మీదికి వచ్చేశాయి. గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ చోట నేనుంటే చెత్తబుట్ట సంగతి ఆవిడ కంటే ముందే అడిగేదాన్ని. అది తెలిసి గుమ్మంలోనే ఆగిపోయాను.

“ఆవిడ అడిగింది న్యాయమే అక్కా” అంది వెనక నుంచి మా చెల్లి. అని, కంప్యూటరు ఒళ్ళో అలాగే పెట్టుకుని, చిన్నప్పుడు నేనెంత కొట్టినా ఏడవనిది, ఏడ్చింది.